ఆదివారం మాత్ర

మందుల షాపతను మాత్రల అట్ట వెనక బాల్‌పెన్నుతో ‘ఆది’ అని రాసిచ్చాడు. ఆదివారం అని పూర్తిగా రాయడానికి అట్ట మీద చోటు లేదు. ఆ రెండక్షరాల వల్ల నా జీవితంలో ఎనిమిది ఆదివారాలు ఉప్పు లేకుండా గడిచాయి. పోయింది ఉప్పొక్కటే అయివుంటే ఇది రాయాల్సిన పనే లేదు.

అప్పటికి మా పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. ఇది నాకూ మా ఆయనకూ సంబంధించిన విషయమని మేమిద్దరం అనుకునేవాళ్ళం. కుప్పంలో మా అమ్మ, పుంగనూరు దగ్గరి పల్లెలో మా అత్త, ఈ రెండిళ్ళకూ పెళ్ళిళ్ళకూ చావులకూ తిరిగే బంధువులు అలా అనుకోలేదు. ఏ శుభకార్యానికి వెళ్ళినా విస్తరి ముందు కూర్చోకముందే ఒకావిడ నా పొట్టవైపు చూసేది. తర్వాత మొహం చూసేది. తర్వాత పప్పు వడ్డించేది. ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

నాకు బిడ్డ కావాలని ఉండేది. ఎంతగా అంటే, ఆ మాట పైకి అంటే నవ్వులాటలో పడిపోతుందేమోనని ఎవరితోనూ అనలేనంతగా.

కాపురం మదనపల్లెలో. ఆయన టమాటా మార్కెట్ యార్డులో మండీ చూసుకుంటారు. నేను ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

ఊళ్ళోనే ఉన్న ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రకరకాల పరీక్షలు రాసింది. కాగితాలన్నీ తిరగేసి, “మిగతావన్నీ బాగుండాయమ్మా. డి విటమిన్ మాత్రం చాలా తక్కువుండాది,” అంది. “బిడ్డ కోసం చూస్తాండారు గదా, ఇప్పుడే సరిచేసుకుంటే మంచిది. ఇది పిల్లలు పుట్టే మాత్ర కాదు, ఆ మాట ముందే చెప్తాండా. రేపు కడుపుతో ఉన్నప్పుడు నీ ఎముకలకీ బిడ్డ ఎముకలకీ కావల్ల. వారానికొకటి, ఎనిమిది వారాలు. ఆదివారం పెట్టుకో, సెలవు గదా, మర్చిపోవు. అన్నం తిన్నాక మింగు.”

నా ఉద్యోగం ముందే అడిగి రాసుకుంది కాబట్టి, మిగతాది నాకు తెలుసులే అనుకుంది. చదువుకున్నవాళ్ళను నమ్మడం వల్ల ఎప్పుడూ ఇలాంటి చిన్న చిన్న నష్టాలు జరుగుతుంటాయి.

అంతకుముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ మింగుతున్నాను. దానికి దేవుడెవరూ దొరకలేదు కాబట్టి అది సుఖంగా సాగిపోయింది. ఈ కొత్త మాత్ర విషయం వేరు.

ఆ సాయంత్రం అత్త ఫోన్ చేసింది.

“యేం తక్కువంట?”

“డి విటమిన్, అత్తా. ఎండ నుంచి వచ్చేది.”

 అవతల కోడిని అదిలించిన చప్పుడు వినిపించింది.

“ఎండ తక్కువనా? మనకా?”

“ఊఁ.”

“నీళ్ళు తక్కువంటే నమ్ముతా. బోర్లు ఎండిపోయినాయంటే నమ్ముతా. మన సీమలో మనిషికి ఎండ తక్కువని సెప్పిన ఆ డాక్టరు యాడ సదివిందంట?”

అన్యాయంగా మాట్లాడిందని అనలేను. మా ప్రాంతంలో దేవుడు ధారాళంగా ఇచ్చినది ఎండ ఒక్కటే. అది కూడా ఒకరి ఒంట్లో లేదంటే, ఇంటి పరువుకు సంబంధించిన విషయమే.

ఆ ఎండ ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. కుప్పంలో మా అమ్మ నన్ను అపురూపంగా పెంచింది. అపురూపంగా అంటే నీడలో. బడికి గొడుగు. ఆటల పీరియడ్‌కు ఆరోగ్యం బాగాలేదని చీటీ. సెలవుల్లో మా మేనత్త పిల్లలందరూ చేలో శెనక్కాయలు పెరికితే, నేను వరండాలో కూర్చుని ఆ కాయలు ఒలిచేదాన్ని. “నల్లబడితే యెవురు చేసుకుంటారు పాపా,” అనేది అమ్మ. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణాన్ని మా అమ్మ ఇంట్లోనే చదువు లేకుండా అమలు చేసింది.

ఫలితం కూడా వచ్చింది. పెళ్ళిచూపుల రోజు మా అత్త నన్ను కిందినుంచి పైదాకా చూసి మొదట అన్న మాట, “పిల్ల ఎండ మొగం సూసినట్ల లేదు, బాగుండాది.” మా అమ్మ ఆ మాటను ఇప్పటికీ డిగ్రీ పట్టాలాగా చెప్పుకుంటుంది.

పెళ్ళయ్యాక ఆ సంప్రదాయాన్ని నేనే కొనసాగించాను. స్కూటీ మీద కాలేజీకి వెళ్ళేటప్పుడు మొహానికి స్కార్ఫు, చేతులకు మోచేతులు దాటిన తొడుగులు, కళ్ళకు నల్లద్దాలు. మదనపల్లె రోడ్ల మీద నన్ను గుర్తుపట్టినవాళ్ళంతా నిజానికి నా బండిని గుర్తుపట్టినవాళ్ళే. పాతికేళ్ళు ఎండ తగలకుండా పెంచి, ఎండ తగలనందుకు మెచ్చి తీసుకెళ్ళి, నాలుగేళ్ళ తర్వాత ఒంట్లో ఎండ ఏదని నిలదీయడం, మా రెండు కుటుంబాలూ ఏకాభిప్రాయంతో చేసిన మొదటి పని.

శనివారం సాయంత్రం అత్త పుంగనూరు బస్సు దిగి వచ్చింది. సంచిలో రాగిపిండి, ఊరిబిండి పచ్చడి, నా మీద బెంగ. వచ్చీ రాగానే మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు. అట్ట మీద ఉన్నదంతా ఇంగ్లీషు, వెనక ఉన్న రెండక్షరాలు తప్ప.

“ఆది అంటే యేమి?”

“ఆదివారం మింగమని, అత్తా.”

ఆమె మొహంలో ఏదో వెలిగింది. ఎండ తక్కువైంది, ఎండ మాత్ర ఇచ్చారు, ఆదివారం మింగమన్నారు. ఈ మూడూ కలిపితే ఏమొస్తుందో తెలియనంత అమాయకురాలు కాదు ఆమె.

“ఆ డాక్టరమ్మకు తెలిసినట్లే ఉండాది. సూర్యదేవుడి వారం సూసే రాయించింది.”

రెండు రోజుల కిందట యాడ చదివిందో తెలియని డాక్టరమ్మకు ఆ క్షణంలో పట్టా వచ్చేసింది.

“అయితే రేపట్నుంచే మొదలుపెడదాం,” అంది అత్త. “పొద్దు పొడిసేలోపల తలకు పోసుకోని, తూరుపు తిరిగి నీళ్ళు వదిలి, చెంబులో మిగిలిన నీళ్ళతోనే మింగల్ల. పగలంతా ఒక్కపొద్దు. ఉప్పు వద్దు, నూనె వద్దు, నెయ్యి వద్దు.”

ఆదివారం ఒక్కపొద్దంటే ఒక్కపూట చప్పిడి తిండి. మా వైపు సంతానం కోసం, కంటి జబ్బుల కోసం, కోర్టు కేసుల కోసం కూడా ఉంటారు.

“అన్నం తిన్నాక మింగమనింది అత్తా, డాక్టరమ్మ.”

“తిన్నాక ఒక్కపొద్దు ఎట్లయితాది మే?”

  మా ఆయన వైపు చూశాను. యార్డులో వందల క్రేట్ల టమాటాల్లోంచి మచ్చ ఉన్న కాయను కంటిచూపుతో ఏరి పక్కన పడేసే మనిషి ఆయన. ఇంట్లో ఏదీ ఏరరు.

“అమ్మ సంతోషంగా ఉండాది గదా, పోనీలే,” అన్నారు.

మర్నాడు పొద్దున్నే మిద్దెపైన నేను, అత్త, చెంబు. తడి జుట్టు, చేతిలో ఒక పచ్చటి మెత్తని మాత్ర. పక్కింటి మిద్దె మీద మిరపకాయలు ఆరబోయడానికి వచ్చిన పెద్దావిడ కాసేపు చూసి, “యేం మొక్కమ్మా ఇది?” అంది.

“ఎండ మొక్కు,” అంది అత్త.

“మాకు మొక్కకుండానే ఇస్తాండాడు గదమ్మా, సాలనేంత,” అని ఆమె మిరపకాయలు పరిచింది.

సూర్యుడు నీళ్ళ ట్యాంకుల మధ్య నుంచి పైకొచ్చాడు. నీళ్ళు వదిలాను. మాత్ర మింగాను. ఎండ వెచ్చగా మొహానికి తగిలింది, నిజం చెప్పొద్దూ, బాగుంది. కళ్ళు మూసుకుని నిలబడ్డాను.

“ఇంక కిందికి రా అమ్మీ,” అంది అత్త, నా కొంగు తల మీదికి లాగుతూ. “ఎండ ఎక్కతాండాది. నల్లబడతావు.”

అత్త మా దగ్గరే ఉండిపోయింది. ఇలా ఎనిమిది వారాలు. ఎండ కోసం మొక్కడం, ఎండ రాగానే లోపలికి పరిగెత్తడం. మధ్యాహ్నం ఉప్పులేని అటుకులు, బెల్లం, అరటిపండు. నెయ్యి డబ్బాను అత్త శనివారం రాత్రే పై అలమరలో పెట్టేసేది, నాకు చేతికందకుండా. నేను ఆమెకంటే పొడుగు. ఆ సంగతి మేమిద్దరం గమనించనట్లు ఉండేవాళ్ళం.

మూడో వారమో నాలుగో వారమో, కాలేజీలో విటమిన్ల పాఠం వచ్చింది. ప్రతి ఏడూ వచ్చినట్లే వచ్చింది. బోర్డు మీద రాశాను: నీళ్ళలో కరిగేవి, బి, సి. కొవ్వులో కరిగేవి, ఎ, డి, ఇ, కె. కింద గీత కూడా గీశాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

“మేడం, డి విటమిన్ తీసుకోని కొవ్వు తినకపోతే యేమైతాది?”

“సరిగ్గా ఒంటికి పట్టదు,” అన్నాను. “మంచి ప్రశ్న. కూర్చో.”

ఆ రోజు గురువారం. మూడు రోజుల తర్వాత ఆదివారం. పొద్దున్నే ఖాళీ కడుపుతో మాత్ర మింగి, ఉప్పులేని అటుకులు తిన్నాను. ఆ అమ్మాయి మొహం కళ్ళముందు కనబడింది. అయినా తిన్నాను. మంచి ప్రశ్న అని మెచ్చుకోవడం వరకే నా చదువు పనికొచ్చింది.

ఎందుకు నోరు తెరవలేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అప్పట్లో నాకు నేను చెప్పుకున్న కారణం, ఆమెకు చెప్పినా అర్థం కాదని. కొవ్వులో కరగడమంటే ఏమిటో పల్లెటూరి మనిషికి పొద్దున ఆరు గంటలకు మిద్దెపైన ఎవరు వివరిస్తారు? ఆ ఆలోచన నాకు చాలా హాయిగా ఉండేది. ప్రతి ఆదివారం ఆమె కంటే నేను ఒక మెట్టు పైన నిలబడి చప్పిడి తినేదాన్ని. దాని వెనక ఇంకొకటి ఉండేది, అది ఇంకా సిగ్గుచేటు. సైన్సు నాలుగేళ్ళుగా ఏమీ చేయలేదు కదా, ఒకవేళ ఆ చెంబు నీళ్ళు చేస్తాయేమోనని.

ఎనిమిది వారాలయ్యాక మళ్ళీ పరీక్షకు రక్తం ఇచ్చాను. కాగితం తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్తుంటే, అత్త కూడా వస్తానంది. పట్టుచీర కట్టుకుంది. ఫలితం మీద ఆమెకు అనుమానం లేదు.

డాక్టరమ్మ కాగితం చూసింది. పాత కాగితం తీసి పక్కన పెట్టింది.

“పెరిగింది. కానీ పెరగాల్సినంత పెరగలేదే,” అంది. “అన్ని వారాలూ మింగినావా?”

“ఒక్క వారం తప్పలే,” అంది అత్త నా బదులు. “నేనే దగ్గరుండి మింగించినా.”

“దేంతో మింగినావమ్మా?”

 మళ్ళీ అత్తే చెప్పింది. తలకు పోసుకోవడం నుంచి అరటిపండు దాకా, ఒక్క అంగమూ వదలకుండా. నెయ్యి డబ్బా సంగతి కూడా చెప్పింది, గర్వంగా. డాక్టరమ్మ అంతా వింది. మధ్యలో నవ్వలేదు. తర్వాత ఆమెను వదిలేసి నావైపు తిరిగింది.

“నువ్వు కాలేజీలో ఏం చెప్తావమ్మా?”

“జువాలజీ.”

“ఓహో,” అంది.

అంతే. నా ఆరేళ్ళ సర్వీసుకు అంతకంటే చిన్న సమీక్ష ఎవరూ రాయలేదు.

“ఇది కొవ్వులో కరిగే మందు పెద్దమ్మా,” అని అత్తకు చెప్పింది. “ఖాళీ కడుపుతో, నెయ్యి నూనె లేకుండా మింగితే సగం పట్టదు. ఇదొక్కటే కారణమో కాదో చెప్పలేను, కానీ ఇంకొన్ని వారాలు అన్నంతో మింగనీ. అన్నంలో ఇంత నెయ్యి వేసుకోనీ. ఒక్కపొద్దు తప్పితే దేవుడికేం కోపం రాదు.”

అత్త తల ఊపింది. అందులో వింతేమీ కనబడలేదు ఆమెకు. “గోరింటాకులో చింతపండు రసం కలపకపోతే పండనట్ల,” అంది. కొవ్వులో కరగడాన్ని నేను ఇన్నేళ్ళలో క్లాసులో అంత తక్కువ మాటల్లో చెప్పలేదు.

బయటికి వచ్చాక ఆటో కోసం నిలబడ్డాం. ఎండ ఫెళ్ళున కొడుతోంది. నేను అలవాటుగా గొడుగు తెరవబోయాను. ఆమె నా చేయి పట్టుకుంది.

“నీకు తెలుసునా ఇది?”

అబద్ధం చెప్పడానికి వీలుంది. ఇంటర్ పిల్లలకు ఉన్న పుస్తకం మా అత్త దగ్గర లేదు.

“తెలుసు.”

“మరి యాల చెప్పలేదు?”

“నువ్వు ఒప్పుకోవని.”

“అడిగినావా?”

నేను గొడుగును సంచిలో పెట్టేశాను.

“అన్నం తిన్నాక మింగమన్నారని మాత్రం చెప్పినావు. యాలనో చెప్పలేదు. చెప్పింటే సోమవారానికి మార్చుకోమా? దేవుడేమన్నా నీ ఎముకలతో పంతం పెట్టుకున్నాడా?” ఆటో ఆగింది. ఎక్కుతూ, “నాకు చదువు లేదని నీకు చానా తెలుసు మే,” అంది. “చదువు లేదుగానీ చెవులుండాయి.”

 దారిపొడుగునా తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నాకు జవాబులు వచ్చు. ఎనిమిది వారాలు నేను ఎవరిని చిన్నచూపు చూశానో, వాళ్ళు నా పక్కనే కూర్చుని చీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్నారు. ఆ ఎనిమిది వారాలూ పోగొట్టుకున్నది ఆమె కాదు, ఆమె దేవుడు కూడా కాదు.

ఆదివారం మళ్ళీ వచ్చింది. ఒక్కపొద్దు ఆమె తీసేసుకుంది. “మొక్కు మధ్యలో ఇడవకూడదు, నేనుంటాలే. నువ్వు తిను,” అంది. నేను వేడి సంగటిలో నెయ్యి వేసుకుని, పప్పుతో తిని, మాత్ర మింగుతుంటే, ఎదురుగా ఆమె చప్పిడి అటుకులు తింది. ఉప్పులేదని మొహం చిట్లించింది. “ఎట్ల తిన్నావే ఇన్ని వారాలు,” అంది. ఇంట్లో ఆ విషయం అడిగిన మొదటి మనిషి ఆమే.

కొన్ని నెలలకు నెల తప్పింది. ఎందువల్ల అనేదానిపై ఇప్పటికీ మూడు అభిప్రాయాలున్నాయి. అత్త ఒక్కపొద్దంటుంది. కుప్పంలో మా అమ్మ, తను కట్టిన ముడుపంటుంది. డాక్టరమ్మ, మాత్ర వల్ల అని నేను చెప్పలేదమ్మా, నువ్వూ చెప్పొద్దు, అంటుంది. మా ఆయనను ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళలో ఆయనను అడగకుండా వదిలేసిన ప్రశ్నల్లో ఇదొకటి.

కడుపుతో ఉన్నప్పుడు వారం మాత్ర ఆపి, రోజూ మింగే చిన్న మోతాదు రాసింది డాక్టరమ్మ. పాత అట్టలో రెండు మిగిలాయి. ఒకరోజు అత్త వాటిని తీసుకొచ్చి కొత్త మాత్ర పక్కన పెట్టింది.

“ఇప్పుడు ఇద్దరు గదా మీరు. ఇదీ ఒకటి యేసుకుంటే?”

మామూలుగా అయితే ‘సరే అత్తా’ అని తీసుకుని, ఆమె వెనక్కి తిరగ్గానే పారేసేదాన్ని. నా తరహా అదే. ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇది నీళ్ళలో కరిగేది కాదు కాబట్టి ఎక్కువైతే ఒంట్లోంచి బయటికి పోదు, పేరుకుంటుంది, ఎక్కువైనా తప్పే, డాక్టరమ్మ రాసినంతే మింగాలి అని చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది.

“అట్ల కారణం చెప్పు,” అంది. ఆ రెండు మాత్రలూ తీసుకుని చెత్తబుట్టలో వేసింది. “కారణం చెప్తే వింటా గదా.”

రెండు నిమిషాలు. ఎనిమిది వారాల్లో పెట్టలేకపోయిన రెండు నిమిషాలు.

పాప పుట్టింది. పిల్లల డాక్టరు రోజూ వేయమని డి విటమిన్ చుక్కలు రాశాడు. అత్త సీసా పట్టుకుని ఆ చుక్కలు ఎన్ని, ఎప్పుడు, దేంతో అని నన్ను అడిగి, రాయించుకుని, గోడకు అంటించింది.

కుప్పం నుంచి మా అమ్మ వచ్చింది. వచ్చిన రెండో రోజు పొద్దున, పాపను పక్కలో పడుకోబెట్టుకుని ఉన్నాను. వాకిలి నుంచి ఎండ వచ్చి పాప పాదాల దగ్గర పడింది. పాప కాళ్ళు ఆడించింది. అమ్మ లేచి వాకిలి తెర లాగేసింది.

“ఎండకు పెట్టొద్దు పాపా. ఇప్పట్నుంచే నల్లబడితే యెట్ల?”

“అదీ నిజమే,” అంది అత్త. మా రెండు కుటుంబాల రెండో ఏకాభిప్రాయం.

నేను లేచి తెర తీశాను. ఇద్దరూ నావైపు చూశారు.

“యాల?” అంది అత్త. “చుక్కలు యేస్తాండాం గదా?”

వేస్తున్నాం. పాపకు కావాల్సిన డి విటమిన్ ఆ సీసాలో ఉంది, వాకిలి దగ్గర కాసింత ఎండతో దానికి పనేమీ లేదు. అదే ముందు చెప్పాను. తర్వాత గొడుగు గురించి చెప్పాను. ఆటల పీరియడ్ చీటీ గురించి, వరండాలో ఒలిచిన శెనక్కాయల గురించి, పెళ్ళిచూపుల రోజు అన్న మాట గురించి కూడా. మొదటి రక్తపరీక్ష కాగితం ఎవరెవరు కలిసి రాశారో, నన్ను కూడా కలుపుకుని, పేరు పేరునా చెప్పాను. జోకులు వేయలేదు. రెండు నిమిషాల కంటే ఎక్కువే పట్టింది.

అమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. అత్త లేచి చుక్కల సీసా తీసి, వెలుతురుకు పట్టి, గోడ మీది కాగితం చూసి లెక్కగా వేసింది. తెర జోలికి ఎవరూ పోలేదు.